రోడ్డు ప్రమాదంలో గాయపడి వైకల్యం మిగిలితే: ఆస్పత్రి చీటీ నుంచి ట్రిబ్యునల్ అవార్డు దాకా

కాలు విరిగితే ఎంత వస్తుంది? రోడ్డు ప్రమాదం కేసుల్లో అందరూ ముందు అడిగేది ఇదే. కాలికి ఇంత, చేతికి ఇంత అని ఈ కేసులు వినే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ధరల పట్టిక ఏమీ ఉండదు. విరిగిన కాలు ఎవరిది, ఆ కాలితో ఆ మనిషి ఏ పని చేసుకుని బతుకుతున్నాడు, ఇప్పుడు ఆ పనిలో ఎంత చేయలేకపోతున్నాడు, ఇవన్నీ చూపించే కాగితం ఉందా లేదా అన్నదాని మీదే లెక్కంతా నడుస్తుంది. గాయం పెద్దదే అయినా కాగితాలు లేక కొద్దిపాటి డబ్బుతో ఇంటికెళ్లేవాళ్లు ఉంటారు. డాక్టర్ రాసిన శాతం చిన్నదే అయినా పని పోయిందని రుజువు చేసుకుని మంచి పరిహారం తెచ్చుకునేవాళ్లూ ఉంటారు.

ఇక్కడ చెప్పేదంతా మోటారు వాహన ప్రమాదంలో గాయపడి బతికి బయటపడ్డవాళ్ల గురించి. ప్రాణం పోయిన కేసుల లెక్క కొంత వేరు, దాని జోలికి పోవడం లేదు.

ముందు మీది ఏ దారో తేల్చుకోండి

మోటారు వాహనాల చట్టం 1988లో గాయపడినవాళ్లకు ప్రధానమైన దారి సెక్షన్ 166. అవతలి డ్రైవర్ నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగిందని చూపించాలి. చూపించగలిగితే పరిహారానికి గరిష్ఠ పరిమితి అంటూ లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే గాయాలకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యతకూ పరిమితి ఉండదు.

రెండోది సెక్షన్ 164. ఇందులో తప్పెవరిదో నిరూపించనక్కర్లేదు. తీవ్రగాయమైతే రూ.2.5 లక్షలు, మరణమైతే రూ.5 లక్షలు, అంతే. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. సాక్షులు దొరక్క, తప్పెవరిదో తేల్చలేని కేసుల్లో ఈ దారి పనికొస్తుంది. కానీ శాశ్వత వైకల్యం మిగిలినవాళ్లు తొందరపడి దీనికి ఒప్పుకుంటే నష్టపోతారు. రెండింటిలో ఒకటే దక్కుతుంది కాబట్టి ముందు 166 కింద ఎంత వస్తుందో లెక్క వేసుకోండి.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్రగాయానికి రూ.50 వేలు, మరణానికి రూ.2 లక్షలు ఇస్తున్నారు. దీనికి కోర్టుకు వెళ్లనక్కర్లేదు, ప్రమాదం జరిగిన ప్రాంతంలోని రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేయాలి. మొత్తం తక్కువే, నిజమే. అందుకే కొందరు దళారులు ‘బండి నంబరు మేం చూసుకుంటాం’ అంటూ వస్తారు. సంబంధం లేని బండిని కేసులో ఇరికించడం నేరం. బయటపడితే పరిహారం పోవడమే కాదు, కేసు మీ మీదకే తిరుగుతుంది. అలాంటివాళ్లను గుమ్మంలోంచే పంపించేయండి.

మీరే బండి నడుపుతూ డివైడర్‌ను గుద్దుకున్నారనుకోండి. అప్పుడు అవతలి పక్షం అంటూ ఎవరూ లేరు, 166 పని చేయదు. బండి మీ పేరునే ఉండి, పాలసీలో ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే దాని మొత్తం రూ.15 లక్షలు. పూర్తి శాశ్వత వైకల్యానికి అంతా వస్తుంది, ఒక చెయ్యి లేదా ఒక కాలు లేదా ఒక కన్ను పోతే సగం వస్తుంది. బండి స్నేహితుడిదై, మీరు నడుపుతూ పడితే మీరు ఓనర్ స్థానంలోకి వెళ్లిపోతారని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి థర్డ్ పార్టీగా అడగడం కుదరదు. వెనక సీటులో కూర్చున్నవాళ్ల సంగతి పాలసీని బట్టి మారుతుంది. తప్పు మీరెక్కిన బండిదే అయి, దానికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కంపెనీ చెయ్యెత్తేస్తుంది. సొంత బండి నష్టాన్ని కూడా కలుపుకునే ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ అయితే ఇవ్వాలి. తప్పు ఎదుటి బండిదైతే ఈ గొడవేమీ లేదు.

డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగితే ఉద్యోగుల పరిహార చట్టం దారి కూడా తెరిచే ఉంటుంది. కానీ రెండు చోట్లా అడగడం కుదరదు, ఒకటే ఎంచుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 చెబుతుంది. అక్కడ తప్పెవరిదో నిరూపించే పని ఉండదు గానీ పరిహారం సూత్రం బిగింపుగా ఉంటుంది. వయసు తక్కువై, వైకల్యం ఎక్కువై, అవతలి డ్రైవర్ తప్పు స్పష్టంగా ఉంటే ట్రిబ్యునల్ దారే మేలు.

క్యాజువాలిటీలో రాసే ఒక్క లైను

అంబులెన్స్ దిగగానే డ్యూటీ డాక్టర్ లేదా నర్సు ‘ఎలా జరిగింది?’ అని అడుగుతారు. మనిషి స్పృహలో ఉండడు, పక్కన ఉన్న బంధువు కంగారులో ‘బండి మీంచి పడ్డాడండి’ అంటాడు. రిజిస్టర్‌లో అదే ఎక్కుతుంది: స్కిడ్ అయి పడిపోయాడు. ఏడాదిన్నర తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ కేస్ షీట్ తెప్పించి, లారీ గుద్దిందన్నది తర్వాత అల్లిన కథ అని వాదిస్తాడు. నిజంగా లారీ గుద్దిన కేసులు కూడా ఈ ఒక్క లైను దగ్గర కుంటుపడతాయి.

కాబట్టి ఆస్పత్రికి వెంట వెళ్లినవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఏ బండి, ఎటు నుంచి వచ్చి, ఎలా గుద్దిందో చెప్పి రాయించాలి. నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే ‘గుర్తు తెలియని కారు వెనక నుంచి గుద్దింది’ అని. ఎమ్మెల్సీగా, అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసుగా నమోదు చేశారో లేదో అడగాలి, ఆ నంబరు ఫోన్లో ఫొటో తీసుకోవాలి. తప్పు రాశారని తర్వాత తెలిస్తే ఊరుకోకండి. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. రికార్డు మార్చకపోయినా మీరు వెంటనే అభ్యంతరం చెప్పారనడానికి ఆధారం మిగులుతుంది.

డబ్బుల టెన్షన్ విషయానికొస్తే, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల వరకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో చికిత్స అందుతుంది. చేర్చుకునేటప్పుడే అడగండి. ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ఆపరేషన్ ఉచితంగా అయిందని కేసు వేయనక్కర్లేదనుకోవద్దు. బిల్లు లేకపోవచ్చు గానీ పోయిన కూలి, పడిన బాధ, మిగిలిన వైకల్యం మీవే కదా.

పోలీసు కాగితాలు

ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందని క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాలు కాపాడుకోవడమే ముందు పని కాబట్టి ఆ ఆలస్యాన్ని అర్థం చేసుకోవాలంది. అయినా ప్రతి రోజు ఆలస్యానికీ మీరు కారణం చెప్పుకోవాల్సి వస్తుంది. గాయపడినవాళ్లు ఐసీయూలో ఉంటే ఇంట్లోవాళ్లెవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

2022 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి, కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లాలి. 90 రోజుల్లో డీఏఆర్ అనే వివరమైన నివేదిక ఇవ్వాలి. ఆ డీఏఆర్‌నే ట్రిబ్యునల్ మీ పిటిషన్‌గా తీసుకోవచ్చు కూడా. కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. స్టేషన్‌లో పని ఒత్తిడి మీకు తెలియనిది కాదు, అడక్కపోతే ఫైలు అక్కడే ఉంటుంది. పోలీసులు చూసుకుంటారులే అని కూర్చోకుండా సొంతంగా పిటిషన్ వేసుకోవడమే క్షేమం.

స్టేషన్ నుంచి తెచ్చుకోవాల్సినవి ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థలం పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, చివరికి ఛార్జిషీటు. అవతలి బండి ఆర్‌సీ, డ్రైవర్ లైసెన్సు, పాలసీ కాపీ కూడా కావాలి. బండి నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో అదే రోజు చూసుకోవచ్చు. రఫ్ స్కెచ్‌ను మాత్రం జాగ్రత్తగా చదవండి. బండ్లు రోడ్డుకి ఏ పక్కన ఆగాయో అందులో ఉంటుంది, తప్పు పంపకం చాలావరకు ఆ గీతల మీదే తేలుతుంది.

డ్రైవర్‌కి లైసెన్సు లేదని తేలితే కేసు పోయినట్టేనని భయపడతారు. అలాంటప్పుడు ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ కంపెనీకి చెప్పొచ్చు. బండికి అసలు ఇన్సూరెన్సే లేకపోతేనే అసలు చిక్కు. బాధ్యత అంతా ఓనర్ మీద పడుతుంది, అతని దగ్గర ఆస్తి ఉందో లేదో చూసుకోవాలి. అవార్డు (ట్రిబ్యునల్ తీర్పులో ఇచ్చిన పరిహారం) మొత్తాన్ని కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించుకునే వీలు సెక్షన్ 174 ఇస్తుంది.

పెద్దమనుషుల రాజీ

బండి ఓనర్ ఊళ్లో పరిచయస్తుడే అయితే మూడో రోజుకే నలుగురు పెద్దమనుషులు వస్తారు. ‘ఆస్పత్రి ఖర్చులు పెట్టుకుంటాడు, పైన ఇరవై వేలు ఇస్తాడు, కేసు వద్దు’ అంటారు. ఎక్కడ దెబ్బ తింటామంటే, ఓనర్ జేబులోంచి పరిహారం తీసుకుంటున్నామని రెండు వైపులా అనుకోవడం వల్ల. బండికి ఇన్సూరెన్స్ ఉంటే కట్టాల్సింది కంపెనీ. పరిచయస్తుడి మీద కక్ష కట్టినట్టు కాదు ఇది. ఆయనకే ఆ మాట చెప్పండి, చాలామంది తర్వాత సాయం కూడా చేస్తారు.

ఆస్పత్రి ఖర్చుకి ఆయన ఇచ్చింది తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ‘ఇక ఏ క్లెయిమూ వేయను’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. ఎముక అతుక్కుంటుందో లేదో, రాడ్డు తీయాలో వద్దో డాక్టరుకే తెలియని రోజుల్లో మీకెలా తెలుస్తుంది?

బిల్లులు, ఆదాయం

మందుల బిల్లు ఒక్కటే చాలదు, దానికి సరిపోయే ప్రిస్క్రిప్షన్ కూడా ఉండాలి. ఎక్స్‌రే ఫిల్ములు, డిశ్చార్జ్ సమ్మరీ, వేసిన రాడ్లు, ప్లేట్ల స్టిక్కర్లు, ఫిజియోథెరపీ రశీదులు, ఆటో, అంబులెన్స్ ఖర్చులు అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లులు కొన్నాళ్లకు తెల్లబోతాయి, వెంటనే జిరాక్స్ తీయండి. రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలంటే దానికి ఎంతవుతుందో డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. భవిష్యత్ వైద్యం అన్న పద్దు కింద అది వస్తుంది. భార్యో తల్లో పక్కనుండి చూసుకున్నా ఆ సేవకి విలువ కట్టి అడగొచ్చు. జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటేనే అటెండెంట్ ఖర్చు వస్తుందనుకోవడం తప్పు.

ఉద్యోగస్తులకి ఆదాయం రుజువు తేలిక. జీతం స్లిప్పులు, ఫారం 16, సెలవుల రికార్డు చాలు. కూలీలకీ చిన్న వ్యాపారులకీ ఇక్కడే కష్టం. ఐటీ రిటర్నులు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ జమలు, కార్మిక సంక్షేమ బోర్డు కార్డు, మేస్త్రి లేదా కాంట్రాక్టర్ సాక్ష్యం, లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకుకి ఇచ్చిన ఆదాయం కాగితం, ఏది దొరికితే అది పెట్టండి. ఏదీ లేకపోతే కోర్టు కనీస వేతనాన్ని ఆధారం చేసుకుని ఒక మొత్తం ఊహించుకుంటుంది. ఆ ఊహ నిజమైన సంపాదన కన్నా తక్కువే ఉంటుందనుకోండి. గృహిణి గాయపడితే ‘ఆమెకి ఆదాయం లేదు కదా’ అనే వాదన చెల్లదు, ఇంటిపనికి కోర్టులు విలువ కడుతున్నాయి. చిన్నపిల్లల విషయంలో 2020లో కాజల్ కేసులో సుప్రీంకోర్టు నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనాన్ని ప్రాతిపదికగా తీసుకుంది.

వైకల్యం శాతం: ఒకటి కాదు, మూడు

కేసంతా తిరిగేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

సర్టిఫికెట్ మీద 45 శాతం అని ఉందనుకోండి. అది దేనికి 45? ఆ కాలికా, మొత్తం శరీరానికా? రెండూ ఒకటి కాదు. కాలికి 45 అంటే శరీరం మొత్తానికి లెక్కేస్తే చాలా తగ్గుతుంది. ఇక మూడోది ఈ రెండింటికీ భిన్నమైనది: సంపాదించే శక్తిలో ఎంత శాతం పోయింది అన్నది. పరిహారం లెక్కలోకి వెళ్లేది ఈ మూడో అంకె. 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని విడమర్చి చెప్పింది. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. అదే మనిషి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు, సంపాదన నష్టం అంత ఉండకపోవచ్చు. గాయం ఒక్కటే, శాతాలు వేరు. అలా ఉద్యోగం నిలిచినవాళ్లకి సంపాదన పద్దు తగ్గినా, జీవితంలో కోల్పోయిన సుఖాలకి ఇచ్చే మొత్తం ఎక్కువ ఉండాలని కూడా ఆ తీర్పు అంటుంది.

మెడికల్ శాతం డాక్టర్ చెబుతాడు. సంపాదన శాతం తేల్చాల్సింది ట్రిబ్యునల్. మధ్యలో ఉన్న వంతెన కట్టాల్సింది మీరు. ప్రమాదానికి ముందు ఏం పని, ఆ పనిలో శరీరంతో ఏమేం చేయాలి, ఇప్పుడు వాటిలో ఏవి చేయలేరు, అదే చోట ఇంకో పని దొరుకుతుందా, ఇవి చెప్పకుండా సర్టిఫికెట్ ఒక్కటి బల్ల మీద పెడితే కోర్టు చిన్న అంకె దగ్గరే ఆగిపోతుంది.

సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలి? చికిత్స ముగిసి, ఇంతకన్నా మెరుగుపడదని తేలాక. కట్టు విప్పిన వారానికే తీసుకున్న శాతాన్ని కంపెనీ లాయరు సులభంగా పడగొడతాడు. ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇచ్చే సదరం లేదా యూడీఐడీ సర్టిఫికెట్‌కు బరువుంటుంది. వైద్యం చేయని ప్రైవేటు డాక్టరు ఒకసారి చూసి ఇచ్చిన సర్టిఫికెట్లను నమ్మేటప్పుడు జాగ్రత్తగా ఉండమని రాజ్‌కుమార్ తీర్పే ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. ఆపరేషన్ చేసిన డాక్టరో, బోర్డులోని డాక్టరో వచ్చి సాక్ష్యం చెబితేనే ఆ కాగితానికి ప్రాణం వస్తుంది.

పెన్షన్‌కీ రిజర్వేషన్‌కీ 40 శాతం ఉండాలన్న నిబంధన మన బుర్రల్లో ఎంత నాటుకుపోయిందంటే, బోర్డు 25 శాతం రాయగానే ‘ఇక పరిహారం రాదు’ అని ఇంటికి వచ్చేస్తారు. ట్రిబ్యునల్లో ఆ 40 గీత లేదు. 10 శాతమైనా అడగొచ్చు.

ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేస్తూ వైకల్యం వచ్చినవాళ్లకి ఇంకో సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 20 ప్రకారం ఆ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అన్‌ఫిట్ అని రాశారు కదా అని రాజీనామా కాగితం రాసివ్వకండి.

లెక్క ఎలా వేస్తారో చేసి చూద్దాం

34 ఏళ్ల తాపీ మేస్త్రి ఒకాయన అనుకుందాం. నెలకి రూ.18,000 సంపాదన రుజువైంది. ఏడాదికి రూ.2,16,000. సొంత పని చేసుకునేవాళ్లకీ కూలీలకీ 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది (పర్మనెంట్ ఉద్యోగమైతే 50 శాతం, వయసు 40 దాటాక ఇవి తగ్గుతాయి). కలిపితే రూ.3,02,400.

దీన్ని వయసును బట్టి మల్టిప్లయర్‌తో గుణిస్తారు. 2009 సరళా వర్మ తీర్పు పట్టిక ఇప్పటికీ అదే: 15 నుంచి 25 ఏళ్ల వారికి 18, 26-30కి 17, 31-35కి 16, 36-40కి 15, 41-45కి 14, 46-50కి 13, 51-55కి 11, 56-60కి 9, 61-65కి 7, ఆ పైన 5. మన మేస్త్రికి 16. గుణిస్తే రూ.48,38,400.

ఇప్పుడు శాతం వేయాలి. మోకాలు వంగడం లేదు, బోర్డు కాలికి 45 అని, శరీరం మొత్తానికి 20 అని రాసింది. లాయరు ఆ 20 దగ్గరే ఆగితే వచ్చేది రూ.9,67,680. అదే మేస్త్రి నిచ్చెన ఎక్కలేడు, గొంతుక్కూర్చుని గచ్చు చేయలేడు, బరువు మోయలేడు, చేయగలిగేది నిలబడి చేసే చిన్నాచితకా పనే అని సాక్ష్యంతో చూపించి, సంపాదన నష్టం 50 శాతమని ఒప్పించగలిగితే రూ.24,19,200. కాలు అదే, ఎక్స్‌రే అదే. తేడా రూ.14 లక్షల పైమాటే.

దీని మీద వైద్యం ఖర్చులు, మంచాన పడ్డ నెలల కూలి, భవిష్యత్ వైద్యం, అటెండెంట్, పౌష్టికాహారం, నొప్పికీ బాధకీ ఇచ్చే మొత్తం, జీవితంలో కోల్పోయిన సుఖాలకి ఇచ్చేది, పెళ్లికాని వాళ్లయితే పెళ్లి అవకాశాలు దెబ్బతిన్నందుకు ఇచ్చేది విడివిడిగా కలుస్తాయి. మరణం కేసుల్లో సొంత ఖర్చులని మూడో వంతో సగమో తీసేస్తారు. గాయం కేసుల్లో అలా తీయకూడదు, బతికున్న మనిషి తినాలి కదా. అవార్డులో అలాంటి కోత కనిపిస్తే అప్పీలుకి అదొక్కటే చాలు.

చివరికి మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు మొత్తంలోంచి తగ్గిస్తారు. తప్పులో నాలుగో వంతు మీదంటే మొత్తంలో నాలుగో వంతు పోతుంది. అయితే బైక్ మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతోనే తప్పు అంటగట్టకూడదు, ప్రమాదానికి అదే కారణమైందని చూపించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

పిటిషన్

ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి. ఆ సంగతి వాళ్లు తేలుస్తారు, మీరు మాత్రం 6 నెలలే అనుకోండి. వైకల్యం సర్టిఫికెట్ ఇంకా రాలేదని ఆగొద్దు. పిటిషన్ వేసేసి, సర్టిఫికెట్ విచారణలో పెట్టుకోవచ్చు.

ఎక్కడ వేయాలన్నది మీ ఇష్టం. ప్రమాదం జరిగిన జిల్లాలోనైనా, మీరు ఉండే చోటైనా, అవతలివాళ్లు ఉండే చోటైనా వేయొచ్చు. ఎక్కడో హైవే మీద ప్రమాదం జరిగినా మీ జిల్లా కోర్టులోనే ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేసుకుంటే తిరుగుడు తప్పుతుంది. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ చేర్చండి. అడిగే మొత్తం విషయంలో మొహమాటం వద్దు, అలాగని ఆకాశానికి ఎత్తనూ వద్దు. పిటిషన్‌లో అడిగినదానికన్నా న్యాయమైన పరిహారం ఎక్కువని తేలితే ట్రిబ్యునల్ ఎక్కువే ఇవ్వొచ్చని 2002 నుంచీ సుప్రీంకోర్టు మాట.

లాయరు సంగతి. వచ్చిన డబ్బులో ఇంత పర్సంటేజీ అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం, అయినా బయట జరిగేది చాలావరకు అదే. ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఖాళీ చెక్కులు, ఖాళీ వోచర్ల మీద సంతకాలు మాత్రం ఎవరికీ పెట్టివ్వొద్దు. కేసు నంబరు మీ దగ్గర ఉంచుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు.

బోనులో

ఇది క్రిమినల్ కేసు కాదు. అనుమానానికి అతీతంగా నిరూపించనక్కర్లేదు, ఎక్కువ సంభావ్యత మీ వైపు ఉంటే చాలు. డ్రైవర్ మీద క్రిమినల్ కేసు కొట్టేసినా మీ ఓపీ దానితో పోదు.

మీ చీఫ్ అఫిడవిట్‌ను, అంటే మీ సాక్ష్యాన్ని రాసిచ్చే ప్రమాణపత్రాన్ని, లాయరు గుమాస్తా పాత కేసుదాన్ని చూసి దింపేసే అలవాటు ఉంది. సంతకం ముందు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. మీ పని గురించి ఒక్క పేరా కూడా లేకపోతే మళ్లీ రాయించండి. క్రాస్‌లో, అంటే కంపెనీ లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి.

‘మీ పనులు మీరే చేసుకుంటున్నారు కదా?’

‘చేసుకుంటున్నానండి.’

‘ఈరోజు కోర్టుకి కూడా మీరే నడిచి వచ్చారు కదా?’

‘వచ్చానండి.’

రెండు ‘అండి’లతో 50 శాతం 20కి దిగిపోతుంది. అబద్ధం చెప్పమని కాదు, నిజం మొత్తం చెప్పమని. ‘బస్సు దిగాక మా వాడి భుజం పట్టుకుని వచ్చానండి. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగాను’ అన్నదే నిజమైతే అదే చెప్పాలి. అలాగే కుంటుతూ బోనెక్కి, బయట బైక్ నడిపేవాళ్లనీ జడ్జీలు చాలామందినే చూసి ఉంటారు. కంపెనీ మనుషులు వీడియోలు తీస్తారు, సోషల్ మీడియా చూస్తారు.

డాక్టర్ సాక్ష్యానికి రాకపోతే సమన్లు వేయించమనండి. కోర్టుకి రావడం కష్టమంటే కోర్టు నియమించే కమిషనర్ ద్వారా వాంగ్మూలం నమోదు చేయమని అడిగే వీలుంది. డాక్టర్ రాలేదని సాక్ష్యం మూసేయడానికి మాత్రం ఒప్పుకోకండి.

లోక్ అదాలత్‌కి పిలిస్తే

వెళ్లండి. కానీ పైన చెప్పిన లెక్క మీ జేబులో ఉండాలి. అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు లేదు. కంపెనీ చెప్పే మొదటి అంకె మీ లెక్కలో సగం ఉంటే నవ్వి లేచి రావచ్చు. ముప్పాతిక దాటితే, మీ తప్పు మీద కొంత వాదన ఉంటే, అప్పీళ్లతో పోయే ఏళ్లని లెక్కేసుకుని ఒప్పుకోవడం తెలివైన పనే కావచ్చు. వైకల్యం శాతం తేలకముందు మాత్రం లోక్ అదాలత్‌లో కూడా రాజీ పడొద్దు.

అవార్డు వచ్చాక

అవార్డు కాపీ రాగానే మూడు చూడండి: సంపాదన ఎంత తీసుకున్నారు, భవిష్యత్ పెరుగుదల కలిపారా, సంపాదన నష్టం ఎంత శాతం అన్నారు. వడ్డీ పిటిషన్ వేసిన రోజు నుంచి ఇస్తారు, సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య. కంపెనీ 30 రోజుల్లో డబ్బు కట్టాలి. 2025లో సుప్రీంకోర్టు డబ్బుని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో వేయించే పద్ధతి పాటించమంది కాబట్టి మీ పేరుతో ఉన్న ఖాతా పాస్‌బుక్ కాపీని ముందే ఫైల్లో పెట్టించండి. మధ్యలో ఎవరి ఖాతా కూడా అవసరం లేదు. మైనర్ల వాటా మేజరయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. పెద్దవాళ్లకి కూడా కొంత భాగం డిపాజిట్ చేయమంటారు. ఆపరేషన్‌కో ఇంటి అప్పుకో కావాలంటే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసి విడిపించుకోవచ్చు.

అవార్డు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టులో అప్పీలు వేయాలి. వివాదంలో ఉన్న మొత్తం రూ.లక్ష కన్నా తక్కువైతే అప్పీలు కుదరదు. కంపెనీయే అప్పీలుకి వెళితే కంగారు పడకండి. స్టే ఇచ్చేటప్పుడు హైకోర్టు సాధారణంగా కొంత మొత్తం డిపాజిట్ చేయమంటుంది, అందులోంచి కొంత తీసుకోవడానికి అనుమతి అడగొచ్చు. పైగా కంపెనీ అప్పీలు నోటీసు అందినప్పుడు, మీరు అనుకున్నదానికన్నా అవార్డు తక్కువై ఉంటే, మీ తరఫున క్రాస్ అప్పీలు సంగతి అదే వారంలో లాయరుతో మాట్లాడండి. దానికి కూడా గడువు నడుస్తూనే ఉంటుంది.